ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునా?

అన్నం ఉడికిందో లేదో అమ్మ ఎలా తెలుసుకుంటుంది? గిన్నెలోని అన్నమంతా పిసికి చూడదు కదా! గరిటెతో నాలుగు మెతుకులు పైకి తీసి, అందులో ఒకదాన్ని వేళ్ళ మధ్య నొక్కి చూస్తుంది. పలుకు తగలకపోతే గిన్నె దించేస్తుంది. అన్నమంతా పట్టి చూడనక్కరలేదు, ఒక్క మెతుకు చాలు అని మన పెద్దలు అనడం మీరు వినే వుంటారు.

ఆ మాటలో ఒక శాస్త్రమే దాగి వుంది. సరే, ఇప్పుడు నాదొక ప్రశ్న. ఒక్క మిరప మొక్కను చూసి ఎకరం చేను సంగతి చెప్పగలమా? ఒక్క యింటి తలుపు తట్టి ఊరందరి సంగతి చెప్పగలమా?

చెప్పలేం. ఎందుకంటే అన్నం గిన్నెలో నీరు మరుగుతూ మెతుకులను కిందికీ పైకీ తిప్పేస్తూ వుంటుంది. అన్ని మెతుకులకూ ఇంచుమించు ఒకే నీరు, ఒకే వేడి. కనుక ఏ మెతుకు పట్టుకున్నా అది మిగతావాటికి ప్రతినిధి అవుతుంది. చేను అటువంటిది కాదు. ఒక మూల పల్లం, నీరు నిలుస్తుంది. మరో పక్క వేపచెట్టు నీడ. ఇంకో పక్క నల్లరేగడి పలచబడి సుద్ద బయటపడి వుంటుంది. ఇక ఊరి సంగతి చెప్పనే అక్కరలేదు.

ఈ సంగతి మన గుంటూరు మిర్చి యార్డులో కొనుగోలుదారుకు బాగా తెలుసు. యార్డులో మిరపకాయల బస్తాను టిక్కీ అంటారు. టిక్కీ మూతి దగ్గర కాయలు ఎర్రగా నిగనిగలాడుతున్నాయని అతడు వెంటనే ధర చెప్పడు. చెయ్యి లోపలికి పోనిచ్చి మధ్య నుంచి ఒక గుప్పెడు, అడుగు నుంచి ఒక గుప్పెడు తీసి చూస్తాడు. పైన మేలైన కాయలు పేర్చి అడుగున తాలుకాయలు పోసేవాళ్ళు నూటికి ఏ ఒక్కరో వుంటారు. అయినా అతడు అందరి టిక్కీల్లోనూ చెయ్యి పెడతాడు. ఎవరినీ అనుమానించి కాదు. కంటికి ముందుగా కనబడేదే మొత్తానికి ప్రతినిధి అనుకోకూడదని అతనికి అనుభవం నేర్పింది.

కొన్నింటిని చూసి అన్నింటి సంగతి తెలుసుకోవడాన్ని ప్రతిచయనం అంటారు. మనం చూసే ఆ కొన్నీ ‘ప్రతిరూపం’, మనం తెలుసుకోదలచిన మొత్తం ‘సముదాయం’. పర్యావరణం గురించి గాని, ప్రజల జీవితం గురించి గాని పరిశోధించేవారు మొదట నేర్చుకోవలసిన పాఠం ఇదే. పేరు కొంచెం బరువుగా వుంది గాని పని మాత్రం మీరూ చేయగలిగిందే.

గట్టు పక్క మొక్కలు

2021 చివరి నెలల్లో మన గుంటూరు, ప్రకాశం మిరపచేలల్లో పువ్వు పువ్వునా నల్లటి సన్నని పురుగులు కనబడ్డాయి. అవి తామర పురుగుల్లో కొత్త జాతి. శాస్త్రజ్ఞులు దీన్ని ‘త్రిప్స్ పార్విస్పైనస్’ అంటారు. ఇది ఆగ్నేయాసియా నుంచి వచ్చింది. మన దేశంలో మొదటిసారిగా దీన్ని 2015లో బెంగుళూరు దగ్గర బొప్పాయి మీద గుర్తించారు. పాత తామర పురుగు ఆకులను పైకి ముడిచేది. ఈ కొత్తది పువ్వులో చేరి పూతనే రాల్చేది. ఆ ఏడాది ఎన్నో చేలల్లో కాయ నిలవలేదు.

ఆ చలికాలంలో మా తొమ్మిదో తరగతి పిల్లలు పురుగులను లెక్కపెడతామని ఉత్సాహపడ్డారు. ఒక రైతు ఒప్పుకున్నాడు. (మందు కొట్టిన చేలోకి పిల్లలు వెళ్ళరాదు. రైతును అడిగి, మందు కొట్టి ఎన్నాళ్ళయిందో తెలుసుకుని, పెద్దవాళ్ళు వెంట వుంటేనే వెళ్ళాలి.) పద్ధతి చాలా తేలిక. తెల్లకాగితం పట్టుకుని దాని మీద పువ్వును మెల్లగా తడితే పురుగులు రాలతాయి. అవి నడవడం మొదలుపెట్టేలోగా లెక్కపెట్టాలి.

పిల్లలు రెండు జట్లుగా వెళ్ళి వచ్చారు. ఒక జట్టు తెచ్చిన లెక్క రెండో జట్టు లెక్కకు రెట్టింపుకు పైగా వుంది! చేను ఒకటే, రోజూ ఒకటే. ఇరుజట్లూ ‘మీరు తప్పు లెక్కపెట్టారంటే మీరు’ అని పోట్లాడుకున్నాయి. చివరకు తేలిందేమిటంటే, ఎవరూ తప్పు లెక్కపెట్టలేదు. మొదటి జట్టు చెప్పులకు బురద అంటకుండా గట్టు వెంట నడిచింది. ఆ గట్టుకు అవతల ముందే నాటిన మిరపచేను వుంది. పురుగులు అక్కడి నుంచి గాలికి కొట్టుకొచ్చి ముందుగా దొరికిన మొక్కల మీద వాలాయి. రెండో జట్టు మధ్యలోకి వెళ్ళింది. అయితే వాళ్ళు నిటారుగా, పచ్చగా వున్న మొక్కలనే పట్టుకున్నారు. “అవైతే అందంగా వున్నాయి మాస్టారూ!” అని ఒక అమ్మాయి నిజాయితీగా ఒప్పుకుంది.

ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా గమనించండి. మొదటి జట్టు పది మొక్కలకు బదులు వంద మొక్కలు చూసి వుంటే తప్పు సరిదిద్దుకునేదా? లేదు. గట్టు వెంటే వంద మొక్కలు చూస్తే గట్టు సంగతి మరింత గట్టిగా తెలుస్తుందేగాని చేను సంగతి తెలియదు. ఎంపికలోనే ఒక పక్కకు ఒరిగితే దాన్ని పక్షపాతం అంటాం. అది ఎవరి మీదా కోపంతో చేసింది కానక్కరలేదు. బురద, ఎండ, అందం ఇవి చాలు మన చేతిని ఒక పక్కకు లాగడానికి.

మరి చేనును అన్నం గిన్నెలాగా కలియబెట్టడం ఎలా? మొక్కలను కదిలించలేం. ఎంపికను కలియబెట్టవచ్చు! పది చీట్ల మీద 0 నుంచి 9 వరకు అంకెలు రాసి ఒక ముంతలో వెయ్యండి. ఒక చీటీ తీసి అంకె రాసుకుని, మళ్ళీ ముంతలో వేసి బాగా కుదిపి, రెండో చీటీ తియ్యండి. 3, తరువాత 7 వస్తే 37వ సాలు. అలాగే మరో రెండు చీట్లు తీస్తే ఆ సాలులో ఎన్నో మొక్కో తెలుస్తుంది. చేలో అన్ని సాళ్ళు లేకపోతే ఆ జతను వదిలేసి మళ్ళీ తియ్యండి. ముళ్ళపొద పక్క మొక్క వచ్చినా సరే, ముడుచుకున్న మొక్క వచ్చినా సరే, అక్కడికే వెళ్ళాలి. ‘ఇది బాగాలేదు, పక్కది చూద్దాం’ అన్నారో, మీ చెయ్యి మళ్ళీ టిక్కీ మూతి దగ్గరకే వచ్చినట్టు. దీనికే యాదృచ్ఛిక ప్రతిచయనం అని పేరు.

ఇరవై అయిదు చదరపు మీటర్లు

ఇదంతా పిల్లల ఆట అనుకునేరు. మన రైతులకు పంటల బీమా డబ్బు వచ్చేదీ రానిదీ చాలాచోట్ల ఈ ఆట మీదే ఆధారపడి వుంటుంది.

పూర్వం పంట ఎంత పండిందో అధికారులు కంటితో చూసి చెప్పేవారు. రూపాయికి పదహారు అణాలు కదా! పూర్తి పంట పదహారణాల పంట, అందులో ముప్పాతిక పన్నెండణాల పంట. చూసేవాడు ఆశావాది అయితే ఓ అణా ఎక్కువ, శిస్తు రద్దు చేయవలసి వస్తుందనే భయముంటే మరో అణా ఎక్కువ. 1920ల్లో బీహారు, ఒరిస్సా ప్రాంతంలో పనిచేసిన హబ్బాక్ అనే ఐ.సి.ఎస్. అధికారి ఈ అణాల లెక్క వద్దని, వరిచేలల్లో యాదృచ్ఛికంగా చిన్న చిన్న మడులు ఎంచి, కోసి, తూచడం మొదలుపెట్టాడు. 1931లో కలకత్తాలో భారత గణాంక సంస్థను స్థాపించిన ప్రశాంత చంద్ర మహలనోబిస్ 1937 నుంచి బెంగాలు జనపచేలల మీద ఇటువంటి సర్వేలనే చాలా పెద్ద ఎత్తున నడిపించాడు.

అప్పుడు ఒక చిక్కు వచ్చింది. కోసే మడి ఎంత వుండాలి? చిన్నదైతే పని త్వరగా అవుతుంది, ఎక్కువ చోట్ల కోయవచ్చు. కాని వ్యవసాయ పరిశోధన మండలిలో పనిచేస్తున్న పాండురంగ వాసుదేవ సుఖాత్మే 1940ల్లో ఒక విచిత్రం చూపించాడు. మడి చిన్నదయ్యే కొద్దీ దిగుబడి ఉన్నదానికంటే ఎక్కువగా కనబడుతోంది! నేల మారలేదు, విత్తనం మారలేదు. మరి ఎందుకు?

కారణం తాడు దగ్గర వుంది. నాలుగు మేకులు కొట్టి తాడు కట్టాక, సరిగ్గా తాడు కింద కొన్ని దుబ్బులు పడతాయి. అవి లోపలివా, బయటివా? కోసే మనిషి సందేహం వచ్చినప్పుడల్లా ‘లోపలిదేలే’ అని కోసేస్తాడు. ఇప్పుడు మీ లెక్కల జ్ఞానం వాడండి. 5 మీటర్ల భుజం గల చతురస్రానికి చుట్టుకొలత 20 మీటర్లు, వైశాల్యం 25 చదరపు మీటర్లు. అంటే ఒక్కో చదరపు మీటరుకు 0.8 మీటరు అంచు. 1 మీటరు భుజం గల చతురస్రానికి చుట్టుకొలత 4 మీటర్లు, వైశాల్యం 1 చదరపు మీటరు. అంటే అంచు అయిదు రెట్లు. అంచు ఎంత ఎక్కువైతే సందేహాలు అంత ఎక్కువ.

ఒక్క దుబ్బు అదనంగా పడితే ఏమవుతుందో చూద్దాం. దుబ్బుకు 20 గ్రాముల గింజ అనుకుందాం. హెక్టారుకు 10,000 చదరపు మీటర్లు కనుక, 1 చదరపు మీటరు మడిలో వచ్చిన తప్పు పదివేల రెట్లు పెరిగి హెక్టారుకు 200 కిలోలు అవుతుంది! 25 చదరపు మీటర్ల మడిలో అదే తప్పు 400 రెట్లే పెరిగి 8 కిలోల దగ్గర ఆగుతుంది.

ఈనాడు వరి వంటి పంటలకు కోత ప్రయోగం చేసే మడి 5 మీటర్ల చతురస్రమే. చేను ఏదో ముందుగా యాదృచ్ఛికంగా ఎంచుతారు. చేలో నైరుతి మూల నిలబడి పొడవు, వెడల్పు అడుగులతో కొలిచి, యాదృచ్ఛిక అంకెలు చెప్పినన్ని అడుగులు నడిచి అక్కడ మొదటి మేకు కొడతారు. పత్తికీ మిరపకూ ఇంకొక కష్టం వుంది. వరిలాగా ఒక్క కోతతో అయిపోదు. మొదటి తీత, రెండో తీత, మూడో తీత అంటూ నెలల తరబడి సాగుతుంది. ప్రతి తీతనూ అదే మడి నుంచి తూచి కలుపుకుంటూ పోవాలి. ఒక్క తీత రాయడం మరచిపోతే ఆ ఊరి దిగుబడి కాగితం మీద పడిపోతుంది.

నాలుగు కోతలు చాలునా?

2016లో వచ్చిన ప్రధానమంత్రి ఫసల్ బీమా పథకం నిబంధనల్లో, గ్రామాన్ని యూనిట్‌గా తీసుకున్న ప్రధాన పంటకు కనీసం నాలుగు కోత ప్రయోగాలు చేయాలని రాశారు. ఊరంతటికీ నాలుగే! సగటు దిగుబడి ముందుగా నిర్ణయించిన హద్దు కంటే తక్కువైతే ఆ ఊళ్ళో బీమా చేసిన రైతులందరికీ పరిహారం. ఎక్కువైతే, తన చేను పూర్తిగా పోయిన రైతుకు కూడా ఈ లెక్క కింద ఏమీ రాదు.

రెండు ఊళ్ళు ఊహించుకుందాం. మొదటి ఊళ్ళో నాలుగు మడుల్లో 9, 10, 10, 11 కిలోల ధాన్యం వచ్చింది. రెండో ఊళ్ళో 4, 8, 12, 16 కిలోలు. కూడి నాలుగుతో భాగించండి. రెండు ఊళ్ళకూ సగటు 10 కిలోలే. అయినా మీ మనసు రెండూ ఒకటే అని ఒప్పుకోవడం లేదు, అవునా? మీ మనసే కరెక్టు. సగటు నుంచి ఒక్కొక్క విలువ ఎంత దూరాన వుందో చూసి, ఆ దూరాలను వర్గం చేసి కలపండి. మొదటి ఊరికి 2, రెండో ఊరికి 80. వాటిని మూడుతో భాగించి వర్గమూలం తీస్తే 0.82, 5.16 వస్తాయి. దీన్నే ప్రామాణిక విచలనం అంటారు. నాలుగు విలువలుంటే మూడుతో ఎందుకు భాగించాలి అంటారా? సగటు తెలిశాక మూడు దూరాలు చెబితే నాలుగోది దానంతట అదే వచ్చేస్తుంది. అది కొత్తగా చెప్పేదేమీ లేదు.

సగటును ఎంతవరకు నమ్మవచ్చో తెలియాలంటే ఈ విచలనాన్ని కోతల సంఖ్య వర్గమూలంతో, అంటే ఇక్కడ 2తో భాగించాలి. మొదటి ఊరికి 0.41, రెండో ఊరికి 2.58. మొదటి ఊరి సగటు మీద ధైర్యంగా నిలబడవచ్చు. రెండో ఊరి సగటు ఊగుతూ వుంటుంది. మరో నాలుగు చేలు చీటీల్లో వచ్చి వుంటే సగటు 7 కావచ్చు, 13 కావచ్చు. ఆ ఊగిసలాట సగానికి తగ్గాలంటే కోతలు రెట్టింపు చేస్తే చాలదు, నాలుగు రెట్లు చేయాలి. వర్గమూలం చేసే అన్యాయం అది!

ఇలా కొద్ది కొలతలతో ఎంతవరకు చెప్పగలం అన్న ప్రశ్న వెనుక మన తెలుగువాడి కథ ఒకటి వుంది. కల్యంపూడి రాధాకృష్ణారావు 1920లో హడగళిలో పుట్టి, గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నాలలో చదువుకున్నాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. చేసి కలకత్తా వెళ్ళాడు. ఇరవై నాలుగేళ్ళ వయసులో అక్కడ పాఠం చెబుతూ, పెద్ద ప్రతిరూపాలకు వర్తించే ఒక ఫలితాన్ని వివరిస్తున్నాడు. ఒక విద్యార్థి లేచి, “చిన్న ప్రతిరూపాలకు ఇటువంటిది లేదా?” అని అడిగాడు. రావుగారు ఆ రాత్రి కూర్చుని నిరూపించి మరునాడు క్లాసులో చెప్పారు. పక్షపాతం లేని అంచనాలోని ఊగిసలాట ఎంత తెలివిగా లెక్కకట్టినా ఒక హద్దుకు దిగువకు పోదని, ఆ హద్దు ఎంతో చెప్పే సూత్రం అది. 1945లో అచ్చయింది. ఈనాడు దాన్ని క్రామర్–రావు హద్దు అంటారు. రావుగారు 2023లో, నూటరెండేళ్ళ వయసులో కన్నుమూశారు.

ఆ ప్రశ్న అడిగిన విద్యార్థి ఎవరో తెలుసా? వి.ఎం. దండేకర్. తరువాత ఆయన పేరుపొందిన ఆర్థికశాస్త్రవేత్త అయ్యారు. పంటల బీమాను ఒక్కొక్క రైతుకు విడివిడిగా కాక ఒక ప్రాంతమంతటి సగటు దిగుబడిని బట్టి ఇవ్వాలని 1970ల్లో వాదించింది ఆయనే! 1985లో దేశంలో మొదలైన సమగ్ర పంటల బీమా పథకం ఆ పద్ధతినే తీసుకుంది. క్లాసులో ఊరికే కూర్చోక ప్రశ్న అడిగే పిల్లలంటే నాకు ఇష్టం కనుక ఈ కథ కొంచెం పొడిగించాను.

తాళం వేసిన ఇల్లు

మొక్కలకంటే మనుషులను ఎంచడం కష్టం. మొక్క చెప్పిన చోట నిలబడి వుంటుంది. మనిషి వుండడు.

2011 ఫిబ్రవరిలో జనాభా లెక్కలకు మా ఉపాధ్యాయులను వేశారు. ఫిబ్రవరి అంటే మిరపకోతల కాలం. పగలు పదింటికి వీధిలోకి వెళితే సగం ఇళ్ళకు తాళాలు. వున్నవాళ్ళు ముసలివాళ్ళు, చంటిబిడ్డల తల్లులు, చేతికింద పనివాళ్ళున్న పెద్ద రైతులు. కూలికి వెళ్ళేవారు తెల్లవారుతూనే ఆటోల్లో వెళ్ళిపోయారు. జనాభా లెక్కల్లో ఎవరినీ వదలడానికి వీల్లేదు కనుక చీకటిపడ్డాక టార్చిలైటు పట్టుకుని మళ్ళీ మళ్ళీ తిరిగాను. మోకాళ్ళు నొప్పి పుట్టాయని ఒప్పుకుంటాను.

అదే మనం నలభై ఇళ్ళ ప్రతిరూపంతో సర్వే చేస్తున్నామనుకోండి. చీటీలో వచ్చిన ఇంటికి తాళం వుంటే ఏం చేస్తాం? పక్కింటికి వెళ్ళాలనిపిస్తుంది. అక్కడే మునుగుతాం! తాళం వున్న ఇల్లు కూలి ఇల్లు, తెరిచివున్న పక్కిల్లు పొలం వున్న ఇల్లు. అలా పది ఇళ్ళు మార్చుకుంటే మన కాగితం మీద ఊళ్ళో కూలివాళ్ళే లేకుండా పోతారు.

తలుపు తెరిచినా చిక్కు తీరదు. ‘మీ ఇంట్లో పురుగుమందు వాడేది ఎవరు?’ అని అడగండి. ‘ఆయన’ అంటారు. పంపు వీపుకు తగిలించుకునేది ఆయనే. కాని డబ్బాలోని చిక్కటి మందును నీళ్ళలో కలిపేది ఎవరు? ట్యాంకు ఖాళీ అయినప్పుడల్లా బిందెతో నింపేది ఎవరు?

మన దేశంలోని మూడు పత్తి గ్రామాల్లో 2003 ఆగస్టు నుంచి డిసెంబరు వరకు ఫ్రాన్సెస్కా మంచీని, ఆమె సహచరులు ఒక పరిశీలన చేశారు. వాళ్ళు ఆసుపత్రికి వెళ్ళి రిజిస్టర్లు తిరగెయ్యలేదు. యాభైమంది స్త్రీలనే పరిశీలకులుగా చేసుకున్నారు. మందు తగిలాక తమకు, తమ ఇంటి మగవాళ్ళకు ఏమేమి బాధలు కలిగాయో ఆ స్త్రీలే తెలియజేశారు. ఇలా నమోదైన 323 సందర్భాల్లో 83.6 శాతం వాటిలో ఏదో ఒక విషలక్షణం కనబడింది. మందు కలపడం, ట్యాంకు నింపడం అనే ఆడవాళ్ళ పనులు మందు కొట్టడమంత ప్రమాదకరమైనవని తేలింది. కొందరికి లక్షణాలు చాలా తీవ్రంగా వచ్చాయి. అయినా ఒక్కరంటే ఒక్కరు వైద్యుడి దగ్గరకు వెళ్ళలేదు!

ఆ చివరి మాట మళ్ళీ చదవండి. ఎవరైనా ఆసుపత్రి రిజిస్టరు చూసి ఈ గ్రామాల సంగతి రాసి వుంటే ఏమని రాసేవారు? సున్నా అని. రిజిస్టరులో తప్పు లేదు, కూడికలో తప్పు లేదు. చూసిన చోటే వేరు.

ఈ ఏడాది మా పిల్లలు తమ ఊళ్ళో ఇటువంటి సర్వే చేస్తామని ప్రశ్నపత్రం తయారుచేసి తెచ్చారు. మొదటి గడిలో ‘రైతు పేరు’ అని వుంది. కాసేపు చర్చించుకున్నాక వాళ్ళే దాన్ని కొట్టేసి ‘మందు కలిపినవారు’, ‘కొట్టినవారు’, ‘ట్యాంకు నింపినవారు’ అని మూడు గడులు గీశారు. ఇళ్ళకు వరుసగా అంకెలు వేసి, ముంతలో చీట్లు వేసి కుదిపారు. మొదట వచ్చిన అంకె పట్టుకుని బయలుదేరాం. ఇంటికి తాళం వుంది. పక్కింటి అరుగు మీద కూర్చున్న తాతగారు “వాళ్ళు పత్తితీతకు పోయారు, దీపాలు పెట్టాక వస్తారు. ఏం కావాలో నన్నడగండి, చెబుతాను” అన్నాడు. పిల్లలు నా ముఖం చూశారు. నేనేమీ అనలేదు. ఆ అందంగా వున్న మొక్కలు ఎంచిన అమ్మాయి చెల్లెలే పుస్తకం మూసి, “రాత్రి ఏడున్నరకు వస్తాం తాతయ్యా” అంది.